చింటూ రాత్రి మాత్ర, నేను డాక్టర్‌కి చెప్పని సంగతి

మా కుక్క చింటూకి 11 ఏళ్ళు. రాత్రిపూట గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు దగ్గేవాడు, పడుకున్నవాడు లేచి కూర్చునేవాడు. తీసుకెళ్తే గుండెలో మర్మర్, అంటే చప్పుడుతో పాటు అదనంగా ఒక శబ్దం, ఉందన్నారు, ఎక్స్‌రేలో గుండె పెద్దదై కనిపించింది, ఊపిరితిత్తుల్లో నీరు కూడా చేరుతోందట. గుండెలో మైట్రల్ వాల్వ్ అనే కవాటం సరిగ్గా మూసుకోక రక్తం వెనక్కి కారుతుందని, చిన్న జాతి కుక్కలకి పెద్ద వయసులో ఇది మామూలేనని ఆ డాక్టర్ గారు గబగబా చెప్పుకుపోయారు, నేను అన్నిటికీ తలూపాను, బయటికొచ్చాక ఏమన్నారే అని అమ్మ అడిగితే గుండె జబ్బు అన్న మాట తప్ప నోట్లోంచి ఇంకేం రాలేదు.

గుండెకి బలమిచ్చే పైమోబెండన్, ఫ్యూరోసెమైడ్ రాశారు, రెండూ రోజుకి రెండు పూటలా. మొదటిది తిండికి గంట ముందు ఖాళీ కడుపున వేయాలి, దాంతో పెద్ద ఇబ్బంది లేదు. రెండోది ఒంట్లో నీరు లాగేస్తుంది, వేసిన గంట రెండు గంటల్లో మూత్రం ఆగదు. రాత్రి 10కి వేస్తే అర్ధరాత్రి తలుపు దగ్గర పోసేసేవాడు. చిన్నప్పట్నుంచి ఒక్కసారి కూడా ఇంట్లో పోయని వాడు, పోసేసి మూలకెళ్ళి గోడ వైపు తిరిగి తల దించుకుని నిలబడేవాడు. లైట్ వేస్తే కూడా ఇటు చూసేవాడు కాదు. నాలుగు రోజులు చూశాను, ఇంక చూడలేక రాత్రి మాత్ర ఆపేశాను, ఎవరికీ చెప్పలేదు.

మూడు వారాలకి రీచెక్‌కి వెళ్తే ఈసారి వేరే మేడం ఉన్నారు. దగ్గు మళ్ళీ వచ్చింది, డోసు పెంచాల్సొస్తుందేమో అన్నారు. నాకు చేతులు చల్లబడ్డాయి, అయినా నోరు తెరవలేదు. మందులు కరెక్ట్‌గా వేస్తున్నారా అని అడిగుంటే వేస్తున్నాం మేడం అనే అనేదాన్ని. ఆవిడ అలా అడగలేదు. "ఈ మాత్రలు రోజూ వేయడం చాలామందికి కష్టమవుతుందండి, మీకు ఎక్కడ ఇబ్బందవుతోంది?" అని, వాడి ఛాతీ మీద చెయ్యి వేసి అలా ఊరుకున్నారు. తొందరపెట్టలేదు. నాకు ఏడుపొచ్చేసింది, మొత్తం చెప్పేశాను.

ఒక్క మాట అనలేదు. మందు పనిచేయట్లేదనుకుని అనవసరంగా పెంచితే కిడ్నీల మీద పడేదమ్మా, చెప్పి మంచి పని చేశారు అన్నారు. పొద్దున మాత్ర 6కి, రెండోది సాయంత్రం 6కి మార్చారు, పడుకునే ముందు బయట తిప్పమన్నారు. అంతే! మూడు వారాలు నేను లోపల కుమిలిపోయిన దానికి రెండు నిమిషాల్లో దారి దొరికింది.

అప్పట్నుంచి నేనూ అడగడం మొదలుపెట్టాను. ఎకో (గుండె స్కాన్) తీయిద్దామా అని మేడం అంటే, అది ఏం వచ్చినా ఇప్పుడు మందులు మారతాయా మేడం అని అడిగాను. ఇప్పటికిప్పుడు మారవు, ముందు కిడ్నీకి రక్త పరీక్ష చేద్దాం, ఎకో తర్వాత చూద్దాం అన్నారు. ఇంకో పని కూడా చెప్పారు, వాడు గాఢంగా నిద్రపోతున్నప్పుడు ఊపిరి లెక్కపెట్టడం. ఛాతీ లేచి దిగితే ఒకటి, 30 సెకన్లు లెక్కపెట్టి రెండింతలు చేయాలి, నిమిషానికి 30 లోపు ఉండాలి, మళ్ళీ మళ్ళీ చూసినా దాటే ఉంటే ఫోన్ చేయాలి. నోట్‌బుక్‌లో రోజూ రాశాను. 22, 24, 22, 26.

రెండు నెలల తర్వాత ఒక రాత్రి 38 వచ్చింది. పది నిమిషాలాగి మళ్ళీ చూశా, 40. ఫోన్ ఎత్తగానే, "మేడం, నిద్రలో 40 ఉంది, మాత్రలు ఒక్క పూట కూడా తప్పలేదు" అన్నాను. "అయితే ఇప్పుడు పెంచాల్సిందే, వెంటనే తీసుకొచ్చేయండి" అన్నారు. ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్ ఇచ్చి, తెల్లారేసరికి 28కి దించారు. ఇప్పుడు నా కాళ్ళ దగ్గరే పడుకున్నాడు, ఇందాక లెక్కపెడితే 24.