ముందు నీ హృదయంలో

మా బాబుకి తొమ్మిదేళ్లు. పోయిన వారం ఒక రాత్రి కుటుంబ ప్రార్థనకి పిలిస్తే ఆడుకుంటూ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడని గట్టిగా అరిచేశాను, ఆ కోపం చల్లారకముందే కళ్లు మూసుకుని ‘ప్రేమగల తండ్రీ’ అంటూ ప్రార్థన మొదలుపెట్టాను. ఆమేన్ చెప్పి కళ్లు తెరిస్తే వాడు బైబిల్ ఒళ్లో పెట్టుకుని, వేలు ఒక వచనం మీద ఆనించి, తల దించుకుని కూర్చున్నాడు. చదవడం లేదు. ఎఫెసీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయంలో పిల్లలు తల్లిదండ్రులకు లోబడాలనే మొదటి మూడు వచనాలూ వాడికి నేనే కంఠతా పట్టించాను. నాలుగోది తండ్రులకి రాసింది, మీ పిల్లలకి కోపం రేపకండి, ప్రభువు శిక్షలో బోధలో పెంచండి అని. అది మాత్రం ఎప్పుడూ నా కోసం చదువుకోలేదు.

సండేస్కూల్ ఉంది కదా అని మనలో చాలామందికి ధీమా. ఆ టీచర్లంటే నాకు ఎంతో గౌరవం, కానీ వారంలో 168 గంటలుంటే పిల్లలు వాళ్ల దగ్గర ఉండేది మహా అయితే ఒకటో రెండో. 1780లో ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌లో రాబర్ట్ రైక్స్ సండేస్కూల్ పెట్టింది వారమంతా పనికి పోయే పేద పిల్లలకి చదువూ వాక్యమూ నేర్పడానికి, తల్లిదండ్రుల బాధ్యత తీసేయడానికి కాదు. అంతకు ముందే 1529లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ విశ్వాస పాఠాలను ప్రశ్నలూ జవాబులుగా నేర్పే చిన్న ప్రశ్నోత్తరి రాసినప్పుడు ఇంటి పెద్ద తన ఇంటివాళ్లకి నేర్పాల్సిన తీరులోనే రాశాడు.

ద్వితీయోపదేశకాండం 6వ అధ్యాయం మనందరికీ తెలిసిందే, కానీ అందులో వరుస చూడండి. దేవుడిచ్చిన ఈ మాటలు ముందు నీ హృదయంలో ఉండాలి అన్నాడు మోషే, ఆ తర్వాతే పిల్లలకి నేర్పమన్నాడు. అదీ ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు. అంటే రాత్రి పావుగంట ప్రార్థనతో తీరిపోయే పని కాదిది, వాడికి జ్వరమొచ్చినప్పుడు మనం మాట్లాడే మాటల్లో, డబ్బు టెన్షన్ ఉన్నప్పుడు మన ముఖంలో, పక్కింటివాళ్ల గురించి మనం అనుకునేదాంట్లో కూడా వాడు దేవుణ్ణి నేర్చుకుంటూనే ఉంటాడు. ఏలీ యాజకుడు, మందిరంలోనే బతికాడు, అయినా కొడుకులు పాడైపోతుంటే అడ్డుకోలేదు. ఇటు పౌలు అపొస్తలుడితో కలిసి సేవ చేసిన తిమోతి తండ్రి గ్రీసుదేశస్థుడు, ఆ ఇంట్లో విశ్వాసం నిలిచింది అవ్వ లోయి, తల్లి యునీకే వల్ల. ఇంట్లో ఒక్కరే విశ్వాసి అని కుంగిపోయే అక్కలకి నేను ఈ మాటే చెబుతాను.

మర్నాడు ప్రార్థనకి ముందు బాబు దగ్గర కూర్చుని, నిన్న అరిచింది నా తప్పు, క్షమించు నాన్నా అన్నాను. వాడు కాసేపు చూసి, ‘దేవుణ్ణి కూడా అడిగావా?’ అన్నాడు. అడిగాను అన్నాను. తర్వాత యెహోషువ 4వ అధ్యాయం తీశాం, దేవుడు నీళ్లు ఆపి దాటించినందుకు గుర్తుగా ఇశ్రాయేలీయులు యొర్దాను నదిలోంచి 12 రాళ్లు తెచ్చి నిలబెట్టిన చోటు, పిల్లలు ఇవేంటని అడగాలనీ పెద్దలు జరిగింది చెప్పాలనీ. భుజం మీద మోశారని ఉంది కదా, ఒక్కో రాయి ఎంత ఉంటుంది నాన్నా అన్నాడు. నేను రెండు చేతులూ చాపి చూపించాను, కాదు ఇంకా పెద్దది అంటూ వాడు నా చేతులు పట్టుకుని ఇంకాస్త దూరం జరిపాడు.