ఓట్లు పెరిగినా సీటు పోయింది: బ్యాటర్‌సీ నార్త్ లెక్కలు

నాకో పిచ్చి అలవాటుంది. నిద్ర పట్టని రాత్రి పాత ఎన్నికల ఫలితాల పట్టికలు చదువుతూ కూర్చుంటాను. ఎవరికెన్ని ఓట్లు, మెజారిటీ ఎంత, ఎవరి డిపాజిట్ గల్లంతయింది, అంతకుమించి వాటిలో ఏమీ ఉండదు గానీ, ఒకే సీటువి నాలుగైదు ఎన్నికలు వరసగా చదివితే ఒక్కోసారి టీవీ సీరియల్ కంటే రంజుగా ఉంటుంది. ఈమధ్య అలా నా చేతికి చిక్కింది లండన్‌లోని బ్యాటర్‌సీ నార్త్. ఆ పేరుతో ఇప్పుడు నియోజకవర్గం లేదు. 1918లో పుట్టింది, 1983లో పోయింది.

నేను ఆగిపోయింది రెండు అంకెల దగ్గర. 1922లో షాపూర్జీ సక్లత్‌వాలాకి 11,311 ఓట్లు వచ్చాయి, గెలిచాడు. ఏడాది తిరిగిన కొద్ది రోజులకే ఇంకో ఎన్నిక వచ్చి పడితే ఆయనకి 12,341 వచ్చాయి, ఓడిపోయాడు. వెయ్యికి పైగా ఓట్లు పెంచుకుని మరీ ఓడిపోవడమేంటి అని నిద్ర మానేసి మొత్తం తవ్వాను.

సక్లత్‌వాలా 1874లో బొంబాయిలో పుట్టిన పార్సీ. ఆషామాషీ కుటుంబం కాదు, జంషెడ్జీ టాటా ఆయనకి స్వయానా మేనమామ. 1905లో ఇంగ్లండ్ వెళ్ళాడు, టాటా కంపెనీలోనే ఉద్యోగం, అలాంటి మనిషి అక్కడికి వెళ్ళి కమ్యూనిస్టు అయ్యాడు. బ్రిటిష్ పార్లమెంటుకి ఎన్నికైన భారతీయుల్లో మూడోవాడు, ముగ్గురూ పార్సీలే. మొదటాయన దాదాభాయ్ నౌరోజీ, 1892లో ఫిన్స్‌బరీ సెంట్రల్ నుంచి, మెజారిటీ కేవలం 5 ఓట్లు (పేరు నోరు తిరగని ఇంగ్లీషు వాళ్ళు ఆయన్ని 'నారో మెజారిటీ' అని పిలుచుకున్నారట, ఇంత చక్కగా కుదిరిన ఎగతాళి నేనెక్కడా చూడలేదు). రెండో ఆయన మంచర్‌జీ భావ్‌నగరీ, 1895లో బెత్నల్ గ్రీన్ నుంచి, ఆయన కన్జర్వేటివ్. లిబరల్, కన్జర్వేటివ్, కమ్యూనిస్ట్: మూడు దిక్కుల ముగ్గురు.

బ్యాటర్‌సీ నార్త్ అంటే థేమ్స్ నదికి దక్షిణపు ఒడ్డు. నైన్ ఎల్మ్స్ రైల్వే యార్డులు, కొవ్వొత్తుల ఫ్యాక్టరీ, మూసల ఫ్యాక్టరీ, గ్యాస్ పనివాళ్ళు, ఇరుకు ఇళ్ళు. ఈ సీటు రాకముందు మొత్తం బ్యాటర్‌సీకి ఒకే ఎంపీ ఉండేవాడు, జాన్ బర్న్స్, 1892 నుంచి 1918 దాకా. కార్మికుడిగా మొదలై క్యాబినెట్ మంత్రి అయిన మనిషి, 1914లో యుద్ధం వద్దంటూ పదవి వదిలేశాడు, 1918 ఎన్నికల్లో అసలు నిలబడలేదు. ఆయన పోటీలో లేకపోవడంతో, పైగా సీటు ఉత్తరం, దక్షిణం అని రెండు ముక్కలవడంతో, ఆట కొత్తగా మొదలైంది.

1918లో ఇక్కడ లేబర్ అభ్యర్థి ఎవరనుకుంటున్నారు? షార్లెట్ డెస్పార్డ్, 74 ఏళ్ళ ఆవిడ. ఆడవాళ్ళు పోటీ చెయ్యొచ్చని చట్టం వచ్చిన మొదటి ఎన్నికే అది. నైన్ ఎల్మ్స్ పేదల మధ్యే ఇల్లు తీసుకుని ఉన్న మనిషి, ఓటు హక్కు కోసం జైలుకెళ్ళింది, యుద్ధాన్ని వ్యతిరేకించింది. ఈవిడ తమ్ముడేమో ఫీల్డ్ మార్షల్ జాన్ ఫ్రెంచ్, యుద్ధం మొదట్లో ఫ్రాన్స్‌లో బ్రిటిష్ సేనలకి అధిపతి, ఆ ఎన్నికల నాటికి ఐర్లండ్‌లో రాజుగారి ప్రతినిధి. అక్క ఐరిష్ స్వాతంత్ర్యం వైపు. వాళ్ళింట్లో భోజనాల దగ్గర మాటలెలా నడిచేవో ఊహించుకుంటే నవ్వొస్తుంది. ఆమె ఓడింది, సంకీర్ణం తరఫు లిబరల్ రిచర్డ్ మోరిస్ గెలిచాడు. యుద్ధం గెలిచిన ఊపులో వచ్చిన ఎన్నికలో యుద్ధం వద్దన్న మనిషి గెలవడం కష్టమే.

తర్వాత 1922లో సక్లత్‌వాలా. ఇక్కడో మెలిక ఉంది. ఆయన కమ్యూనిస్టు పార్టీ సభ్యుడే, కానీ నిలబడింది లేబర్ అభ్యర్థిగా. అప్పట్లో అలా రెండు చోట్లా సభ్యత్వం ఉండొచ్చు, బ్యాటర్‌సీ లేబర్ వాళ్ళకయితే అది పట్టింపే కాదు. ప్రధాన ప్రత్యర్థి హెన్రీ హాగ్బిన్, నేషనల్ లిబరల్ (అంటే లాయిడ్ జార్జ్ వర్గం), 9,290 ఓట్లు. మెజారిటీ 2,021. లిబరల్ పార్టీ అప్పటికి ఇద్దరు మాజీ ప్రధానుల పేరిట, లాయిడ్ జార్జ్ వర్గం, ఆస్క్విత్ వర్గం అని రెండుగా చీలి కొట్టుకుంటోంది.

1923లో కన్జర్వేటివ్ ప్రధాని బాల్డ్విన్ దిగుమతుల మీద సుంకాలు వేస్తానంటూ ఎన్నికలకి వెళ్ళాడు. అది చూసి లిబరల్ వర్గాలు రెండూ హడావిడిగా కలిసిపోయాయి, ఎందుకంటే సుంకాల్లేని వ్యాపారం ఒక్కటే వాళ్ళకి మిగిలిన మతం. బ్యాటర్‌సీ నార్త్‌లో ముఖాముఖి పోటీ అయింది. హాగ్బిన్‌కి 12,527, సక్లత్‌వాలాకి 12,341. తేడా 186. అదన్నమాట విషయం. ఈయన ఓట్లు తగ్గలేదు, అవతలి వాళ్ళంతా ఒకచోట పోగయ్యారు. ఓట్లు పెరిగాయి కాబట్టి ప్రజాదరణ పెరిగింది, సీటు పోయింది కాబట్టి ప్రజాదరణ తగ్గింది, రెండూ నిజమేనని వాదించొచ్చు ఈ ఒక్క వరస చూపించి.

ఇంకో పదకొండు నెలలు నిండకుండానే, 1924 అక్టోబరు 29న, మళ్ళీ ఎన్నిక. నాలుగు రోజుల ముందు పత్రికల్లో, సోవియట్ నాయకుడు జినోవియెవ్ రాశాడంటూ, జినోవియెవ్ ఉత్తరం అని ఒకటి పడింది. బ్రిటన్‌లో విప్లవం రేపండి అంటూ మాస్కో నుంచి వచ్చిందని చెప్పిన ఉత్తరం, అది నకిలీ అన్నది ఇప్పుడు చాలామంది చరిత్రకారుల మాట. దేశమంతా ఎర్ర భయం. అప్పటికి పదవిలో ఉన్న లేబర్ ప్రభుత్వం ఓడిపోయింది, కన్జర్వేటివ్‌లు ఊడ్చేశారు. అలాంటి వాతావరణంలో సక్లత్‌వాలా ఈసారి నేరుగా కమ్యూనిస్టు అభ్యర్థిగా నిలబడ్డాడు, ఎందుకంటే కమ్యూనిస్టులకి ఇక టికెట్లు ఇవ్వకూడదని లేబర్ జాతీయ మహాసభ తేల్చేసింది. మామూలు లెక్కలో అయితే డిపాజిట్ రాకూడదు. ఆయనకి 15,096 వచ్చాయి! హాగ్బిన్‌కి 14,554. ఆ హాగ్బిన్ కూడా ఈసారి లిబరల్ కాదు, కన్జర్వేటివ్‌ల అండతో 'కాన్‌స్టిట్యూషనలిస్ట్' అనే కొత్త చొక్కా తొడుక్కున్నాడు, అదే ఏడాది ఎప్పింగ్‌లో చర్చిల్ తొడుక్కున్న చొక్కా. మెజారిటీ 542.

నేను కూర్చుని లెక్కేశాను. 1923 కంటే 1924లో ఈ ఇద్దరికీ కలిపి 4,782 ఓట్లు ఎక్కువ పడ్డాయి. అందులో 2,755 సక్లత్‌వాలావి, 2,027 హాగ్బిన్‌వి. అంటే ఎర్ర భయం చూపిస్తే అవతలి జనం మాత్రమే కాదు, ఇవతలి జనం కూడా ఇళ్ళల్లోంచి బయటికొచ్చారు. దేశం మొత్తమ్మీద ఆ ఎన్నికలో కమ్యూనిస్టు పార్టీకి దక్కిన ఏకైక సీటు ఇది.

కానీ దీన్ని కమ్యూనిస్టు విజయం అనుకుంటే పప్పులో కాలేసినట్టే అని నా అభిప్రాయం. లేబర్ జాతీయ నాయకత్వం వద్దన్నా, బ్యాటర్‌సీ స్థానిక లేబర్ వాళ్ళూ, ట్రేడ్ యూనియన్ల వాళ్ళూ ఆయన కోసం ఇల్లిల్లూ తిరిగారు. ఆ యంత్రాంగాన్ని నడిపిన మనిషి పేరు జాన్ ఆర్చర్, సక్లత్‌వాలాకి ఎలక్షన్ ఏజెంట్. ఈయన కథ వేరే రాయాలి అసలు. లివర్‌పూల్‌లో పుట్టాడు, తండ్రి బార్బడోస్ నుంచి వచ్చిన నల్లజాతి వ్యక్తి, తల్లి ఐరిష్. ఫోటోగ్రాఫర్. 1913లో బ్యాటర్‌సీ మేయర్ అయ్యాడు, కౌన్సిల్‌లో ఒక్క ఓటు తేడాతో. ఒక నల్లజాతి ఏజెంటు, ఒక బొంబాయి అభ్యర్థి, ఇద్దరూ కలిసి 1920లలో లండన్ సీటు గెలిచారంటే ఆ పేటలో ఏముందో ఆలోచించండి.

ఆ తర్వాత అంతా జారుడుబండే. 1926 మే డే నాడు హైడ్ పార్క్‌లో, కార్మికుల మీద కాల్చమంటే కాల్చకండి అని సైనికులకి చెప్పినందుకు సక్లత్‌వాలాని అరెస్టు చేశారు. ఇకమీదట బుద్ధిగా ఉంటానని పూచీకత్తు ఇస్తే వదిలేసేవాళ్ళే, ఇవ్వనన్నాడు, సిట్టింగ్ ఎంపీ రెండు నెలలు వర్మ్‌వుడ్ స్క్రబ్స్ జైల్లో. అదే ఏడాది, కమ్యూనిస్టులని బయటికి పంపనందుకు బ్యాటర్‌సీ లేబర్ శాఖని జాతీయ పార్టీ వెలివేసింది, ఇంకో కొత్త అధికారిక శాఖ పెట్టింది. 1927లో ఆయన తన పిల్లలకి పార్సీ పద్ధతిలో నవజోత్ (పిల్లల్ని మతంలోకి తీసుకునే వేడుక) చేయిస్తే సొంత పార్టీ కూడా తలంటింది, మతాచారమేంటి నీకు అని. ఇంటా బయటా పోరే. అదే ఏడాది భారతదేశం వెళ్ళి గాంధీతో బహిరంగ లేఖల్లో వాదన పెట్టుకుని వచ్చాడు, మళ్ళీ ఇంకెప్పుడూ ఆయన్ని అక్కడ అడుగు పెట్టనివ్వలేదు బ్రిటిష్ ప్రభుత్వం. 1928కల్లా కమ్యూనిస్టు పార్టీ, లేబర్ కూడా శత్రువే అనే లైను పట్టుకుంది. గెలిపించిన చేతుల్నే నరుక్కోవడం ఇది, నాకైతే వేరే మాట తోచట్లేదు.

1929 ఫలితం: లేబర్ అభ్యర్థి విలియం స్టీఫెన్ శాండర్స్ 13,265 ఓట్లతో గెలుపు, కన్జర్వేటివ్ రెండోది, సక్లత్‌వాలా 6,554తో మూడు. శాండర్స్‌కి ఎలక్షన్ ఏజెంట్ ఎవరో చెప్పండి. జాన్ ఆర్చర్. ఐదేళ్ళ క్రితం తను గెలిపించిన మనిషినే ఓడించి పెట్టాడు. ఆయన పార్టీ మారలేదు, అంతకుముందూ లేబరే, అప్పుడూ లేబరే. పోయినసారి వచ్చిన ఓట్లలో ఎన్ని సక్లత్‌వాలావి, ఎన్ని ఆర్చర్ యంత్రాంగానివి అన్నది ఈ పట్టిక దాదాపుగా విడగొట్టి చూపిస్తుంది. ఇరవయ్యొకటి దాటిన ఆడవాళ్ళందరికీ మొదటిసారి ఓటు వచ్చిన ఎన్నిక కూడా అదే, కాబట్టి పాత అంకెలతో నేరుగా పోల్చడం సరి కాదనుకోండి.

1931లో సక్లత్‌వాలా మళ్ళీ నిలబడితే 3,021, ఈసారి డిపాజిట్ కూడా పోయింది (పోలైన వాటిలో ఎనిమిదో వంతు రావాలి అప్పట్లో). ఆ ఏడాది పలు పార్టీల వాళ్ళు కలిసి పెట్టిన నేషనల్ ప్రభుత్వం గాలిలో లేబర్ కూడా కొట్టుకుపోయి కన్జర్వేటివ్ ఆర్థర్ మార్స్‌డెన్ గెలిచాడు. 1935లో శాండర్స్ తిరిగి వచ్చాడు. 1936 జనవరిలో సక్లత్‌వాలా చనిపోయాడు.

మిగతాది గబగబా చెప్పేస్తా, ఎందుకంటే ఇక్కడినుంచి సస్పెన్స్ లేదు. 1940లో ఉప ఎన్నిక, యుద్ధకాలపు ఒప్పందం వల్ల మిగతా పెద్ద పార్టీలు పోటీకి రాలేదు, లేబర్ ఫ్రాన్సిస్ డగ్లస్ గెలిచాడు. ఆయన్ని 1946లో మాల్టాకి గవర్నర్‌గా పంపారు, ఇంకో ఉప ఎన్నిక, డగ్లస్ జే గెలిచాడు (ఒక డగ్లస్ పోయి ఇంకో డగ్లస్, ఒకరికి ఇంటిపేరు, ఒకరికి అసలు పేరు). జే అక్కడ 37 ఏళ్ళు పాతుకుపోయాడు, ప్రధాని విల్సన్ ప్రభుత్వంలో వాణిజ్య మంత్రి, 1967లో ఉద్వాసన, యూరప్ ఉమ్మడి మార్కెట్‌కి జీవితాంతం వ్యతిరేకి. కంచుకోట సీటు చరిత్ర చదవడం అంత బోరు ఇంకోటి లేదు.

ఈలోగా ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, జనం లండన్ నడిబొడ్డు వదిలి దూరం వెళ్ళారు, 1983 పునర్విభజనలో లండన్ సీట్లు 92 నుంచి 84కి దిగాయి. ఉత్తరం, దక్షిణం కలిపేసి మళ్ళీ పాత పేరే పెట్టారు, బ్యాటర్‌సీ. మొదటి ఎంపీ ఆల్ఫ్ డబ్స్, ఆరేళ్ళ వయసులో నాజీల నుంచి తప్పించుకుని ప్రాగ్ నుంచి రైలెక్కి వచ్చిన శరణార్థి, లేబర్. 1987లో ఆయన్ని కన్జర్వేటివ్ జాన్ బోవిస్ ఓడించాడు. ఇరుకు ఇళ్ళన్నీ బాగుచేయించుకుని కొత్తరకం జనం వచ్చేశారు అప్పటికి.

2005లో ఆ కలిపిన సీటు లేబర్ మార్టిన్ లింటన్‌కి దక్కింది. మెజారిటీ 163. హాగ్బిన్ 186 కంటే ఇంకో 23 తక్కువ.