చందమామలో పేరు లేని కొకు

కొడవటిగంటి కుటుంబరావు (కొకు) ప్రస్తావన రాగానే విమర్శకులు ‘చదువు’ నవల గురించీ, మధ్యతరగతి బతుకుల మీద ఆయన రాసిన కథల గురించీ విస్తారంగా మాట్లాడి, చందమామ ఉద్యోగాన్ని ఒక్క వాక్యంతో దాటేస్తారు. 1952లో ఆ పత్రికలో చేరిన కొకు 1980 ఆగస్టులో కన్నుమూసేదాకా అందులోనే పనిచేశారు. దాన్ని పొట్టకూటి వ్యవహారంగా తీసిపారేస్తే ఆయన మనకు సగమే అర్థమవుతారని నా అభిప్రాయం.

1909లో తెనాలిలో పుట్టిన కొకు చిన్నతనంలోనే తల్లిదండ్రులను పోగొట్టుకున్నారు. భౌతికశాస్త్రం చదివి, ఎమ్మెస్సీ కోసం కాశీ వెళ్లి, ఆర్థికమాంద్యం కాలంలో ఆ చదువును మధ్యలోనే వదులుకోవలసి వచ్చింది. ‘చదువు’లోని సుందరానికి ఈ అనుభవాలు చాలావరకు సంక్రమించాయి. అతని అక్షరాభ్యాసంతో మొదలయ్యే ఆ నవలలో మొదటి ప్రపంచయుద్ధం, సహాయ నిరాకరణోద్యమం, మాంద్యం వరుసగా వచ్చిపోతాయి గాని, రచయిత ఎక్కడా ఆగి చరిత్ర పాఠం చెప్పరు. కొడుకు చదువుకుంటే బాగుపడతాడన్న పెద్దల నమ్మకానికీ, చదువు పూర్తయ్యే వేళకు ఉద్యోగాలే లేకుండా పోయిన లోకానికీ మధ్య ఉన్న దూరాన్ని మాత్రం నిదానంగా, దాదాపు నిర్దయగా చూపిస్తారు.

చందమామలో ఈ రచయిత పేరు సాధారణంగా కనిపించేది కాదు. చందమామ వ్యవస్థాపకుల్లో ఒకరైన చక్రపాణి అభిరుచికి తగ్గట్టు, పదేళ్ల పిల్లవాడు తడుముకోకుండా చదవగలిగే తెలుగులో పత్రిక మొత్తం ఒకే గొంతుతో పలకాలి. దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్లతో ఉర్రూతలూగిస్తుంటే, కొకు పురాణాలనూ ప్రపంచ సాహిత్యాన్నీ ఆ భాషలోకి దించారు. ఇలియడ్ ‘భువనసుందరి’గా, ఒడిస్సీ ‘రూపధరుడి యాత్రలు’గా వచ్చినప్పుడు, అవి మన పక్క రాజ్యంలో జరిగిన కథలేనని నమ్మిన పిల్లలు ఎందరో ఉండి ఉంటారు.

బేతాళ కథల్లో ఆయన పనితనం మరీ బాగా తెలుస్తుంది. పాఠకులు పంపిన మామూలు కథల్లో పనికివచ్చేవాటిని తీసుకుని ఆ చట్రంలో ఇమిడేలా తిరగరాసేవారు. చట్రమేమో అందరికీ తెలిసిందే: విక్రమార్కుడు శవాన్ని భుజాన వేసుకుని నడుస్తాడు, బేతాళుడు కథ చెప్పి చిక్కుప్రశ్న వేస్తాడు, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. ఇక్కడ కష్టమంతా ప్రశ్నలోనే ఉంది. పైకి కనిపించే జవాబు తప్పయి ఉండాలి. రాజు చెప్పే జవాబుకు ఆధారం మాత్రం కథలోనే ముందుగా పడి ఉండాలి. త్యాగంలా కనిపించినదాని వెనుక స్వార్థమో, మూర్ఖత్వంలా కనిపించినదాని వెనుక వివేకమో బయటపడుతుంది. కొకు సాంఘిక కథలు చేసే పని కూడా దాదాపు ఇదే, కాకపోతే అక్కడ జవాబు చెప్పే రాజు ఉండడు.

1970లో విరసం (విప్లవ రచయితల సంఘం) ఏర్పడినప్పుడు దాని వ్యవస్థాపకుల్లో ఒకరైన మార్క్సిస్టు, నెల నెలా రాక్షసులతోనూ మాంత్రికులతోనూ కాలక్షేపం చేయడమేమిటని కొందరికి అనిపించవచ్చు. నాకు అందులో పేచీ కనిపించదు, ఎందుకంటే మాయలూ మంత్రాలూ ఎన్ని ఉన్నా ఆ కథల్లో మనుషులు కారణం లేకుండా ఏ పనీ చేయరు. వర్ణనలు లేని ఆ పొడి వాక్యం రెండు చోట్లా ఒకటే. నిజం చెప్పాలంటే పెద్దల కథల్లో అది ఒక్కోసారి మరీ పొడిబారిపోయి, పాత్రలు మనుషుల్లా కాక వాదానికి సాక్షుల్లా నిలబడతాయి. పిల్లల కథల్లో ఆ ఇబ్బంది లేదు, అక్కడ కథ నడవకపోతే చదివేవాడు పేజీ తిప్పేస్తాడు. కొకును కొత్తగా చదవబోయేవారు ‘చదువు’తో పాటు పాత చందమామల్లోని నాలుగైదు బేతాళ కథలను కూడా పక్కన పెట్టుకోవడం మంచిది.