ఆదివారం, ఆరంగుళాల టిన్ను

ఆదివారం రాత్రి, తిరుపతి.

క్యారమెల్ కస్టర్డ్‌కి ఈ ఊళ్ళో వారం చూసుకోవాలి. శనివారం గుడ్డు ముట్టని ఇళ్ళు ఎక్కువ, సోమవారం పాటించేవాళ్ళు వేరే. ఇదేమో చేసిన వెంటనే తినేది కాదు. ఫ్రిజ్‌లో కనీసం ఆరేడు గంటలుండాలి. ఆదివారం పొద్దున 6 గంటలకి పొయ్యి వెలిగిస్తే సాయంత్రం 5కి బోర్లించొచ్చు. ఇవాళ అలాగే అయింది.

కొలత ఎప్పటిదే: అర లీటరు పాలు, మూడు గుడ్లు, పైన ఒక పచ్చసొన, 70 గ్రాముల చక్కెర, అర టీస్పూను వెనీలా, చిటికెడు ఉప్పు. పాకానికి వేరే 80 గ్రాముల చక్కెర. పాలు ఫుల్ క్రీమ్ అయితేనే బాగు, అందులో వెన్న 6 శాతం. 3 శాతం ఉండే టోన్డ్ పాలతోనూ పేరుకుంటుంది గానీ నోట్లో నీళ్ళనీళ్ళగా ఉంటుంది. తెల్లసొన ముద్దని నిలబెడుతుంది, పచ్చసొన మెత్తబరుస్తుంది. తెల్లసొన ఎక్కువైతే రబ్బరే.

ముందు పాకం. చక్కెరలో రెండు చెంచాల నీళ్ళు, రెండు చుక్కల నిమ్మరసం. పొయ్యి మీద పెట్టాక గరిటె పెట్టకూడదు, గిన్నెనే తిప్పాలి. అంచుకి అంటుకున్న చక్కెర పలుకు ఒక్కటి లోపల పడినా పాకమంతా తెల్లబడి ఇసకలా గడ్డకడుతుంది. నిమ్మరసం వేసేది అందుకే. అరిసెల పాకంలా వేళ్ళతో చూసే పని కాదిది. 160 డిగ్రీలు దాటిన చక్కెర, వేలు పెడితే తోలు ఊడుతుంది. కంటితోనే చూడాలి. తేనె రంగు దగ్గర ఆపితే ఉత్త తీపి. నన్నారి షర్బత్ రంగు రావాలి, కానీ ఆ రంగు వచ్చేదాకా మంట మీద ఉంచకూడదు. కాస్త ముందే దించాలి, గిన్నె వేడికే ఇంకో మెట్టు ముదురుతుంది. పొగ లేచిందంటే చేదే. ఆ చేదుకి విరుగుడు లేదు, పారబోసి మళ్ళీ మొదలుపెట్టడమే. టిన్నులో పోసి తిప్పిన రెండు నిమిషాలకి గాజులా బిగుసుకుని టిక్కు టిక్కుమని పగులుతుంది. కంగారక్కర్లేదు.

పాలు వేలు పట్టేంత వేడి చాలు. మరిగే పాలు పోస్తే గుడ్డు దారాలు దారాలుగా ఉడికిపోతుంది. గుడ్లు కలపాలే గానీ ఆమ్లెట్‌కి కొట్టినట్టు కొట్టకూడదు, నురగంతా తర్వాత కన్నాలవుతుంది. టీ జాలీలో వడగట్టి, టిన్నులో పాకం మీద పోసి, పైన తేలిన బుడగలు చెంచాతో తీసెయ్యాలి. వెనీలా నీచు వాసనకి మందు కాదు. నీచు వచ్చిందంటే చాలాసార్లు ఉడుకు ఎక్కువైందనే.

అసలు పని ఆవిరి దగ్గర. ఉత్త తెల్లసొన 60 డిగ్రీలు దాటగానే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. పాలూ చక్కెరా కలిశాక అది 80 దాకా ఆగుతుంది. 90కి దగ్గరైతే బిగుసుకుపోయి నీళ్ళు వదిలేస్తుంది. ఇడ్లీ కుక్కర్ ఆవిరేమో 100 డిగ్రీలు. అందుకే సన్న సెగ, టిన్ను కింద మడిచిన గుడ్డ, టిన్ను మీద ఫాయిల్, కుక్కర్ మూతకి సందు. ఫాయిల్ లేకపోతే మూత నుంచి నీటిచుక్కలు పడి పైన గుంటలవుతాయి. 35 నుంచి 40 నిమిషాలు. టిన్ను కదిపితే అంచులు నిలబడి నడుమ రూపాయి బిళ్ళంత వణకాలి. నడుమ కూడా గట్టిపడిందంటే ఆలస్యమైనట్టే.

జున్ను వండే వాళ్ళకి ఇది చెప్పనక్కర్లేదు. జున్నుపాలలో గుడ్డు లేకపోయినా ప్రోటీన్ మెండు, అదీ సెగకే పేరుకుంటుంది, సెగ ఎక్కువైతే అదీ నీరొదిలి గరుకవుతుంది.

గుడ్డు తినని పక్కింటి పెద్దమ్మకి చైనా గ్రాస్‌తో (సముద్రపు నాచు నుంచి తీసేది) వేరే గిన్నె: అర లీటరు పాలకి 5 గ్రాములు. అది వేడికి కాదు, చల్లారితే గడ్డకడుతుంది. కత్తితో కోస్తే చక్కగా తెగుతుంది, నోట్లో మాత్రం కరగదు. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ 1837లో కస్టర్డ్ పౌడర్ కనిపెట్టింది గుడ్డు పడని భార్య కోసమే. అది మొక్కజొన్న పిండి, పళ్ళ ముక్కల మీదికి బాగుంటుంది. దానితో ఈ వణుకు రాదు.

5 గంటలకి ఫ్రిజ్‌లోంచి తీసి అంచు చుట్టూ కత్తి తిప్పి, టిన్ను అడుగుని పది సెకన్లు వేడినీళ్ళలో పెట్టి, అంచున్న పళ్ళెంలోకి బోర్లించడం. అంచు లేని పళ్ళెమైతే పాకం బల్ల మీదికే. పొద్దున గాజులా ఉన్న పాకం కస్టర్డ్‌లోని తడి పీల్చుకుని ఇప్పుడు పల్చగా జారింది. మధ్యాహ్నమే బోర్లిస్తే సగం టిన్నుకే అంటుకునేది.

ముక్క కోస్తే ఒక వైపు అంచులో అయిదారు కన్నాలు. మూత సందుకి పెట్టిన అగ్గిపుల్ల తడిసి పడిపోయింది, కాసేపు మూత పూర్తిగా పడి సెగ ఎక్కువైంది. వచ్చే వారం గరిటె కాడ పెట్టాలి.