పెసరకట్టు నుంచి చేపల పులుసు దాకా

బరువు తగ్గడానికి పొట్ట ఆపరేషన్ చేయించుకున్నాక నన్ను చూసినవాళ్లు మొదట అడిగేది ఎన్ని కిలోలు తగ్గావని. ఆ లెక్క ఇక్కడ రాయను. ఎవరి ఒళ్లు వాళ్లది, ఎవరి తగ్గుదల వాళ్లది. పక్కవాళ్ల అంకె చూసుకుని దిగులుపడ్డవాళ్లు నాకు తెలుసు. నేను రాయాలనుకున్నది తిండి గురించి. ఆపరేషన్‌కి ముందు ఎంతమందిని అడిగినా, మన ఇళ్లల్లో మన వంటతో ఆ మొదటి నెలలు ఎలా గడుస్తాయో చెప్పినవాళ్లు దొరకలేదు. ఆసుపత్రిలో ఇచ్చిన కాగితంలో క్లియర్ సూప్, బ్రోత్, యోగర్ట్, మ్యాష్డ్ పొటాటో అని ఉంది. మా ఇంట్లో వంట అత్తయ్యది. ఆవిడది శ్రీకాకుళం పక్క పల్లెటూరు. ఆ కాగితం పట్టుకుని ఆవిడ ఏం వండుతుంది?

మాది వైజాగ్‌లో అక్కయ్యపాలెం. గవర్నమెంటు హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఏళ్ల తరబడి షుగరు, మోకాళ్ల నొప్పులు, దానికి తోడు రాత్రి నిద్రలో ఊపిరి ఆగిపోయి ఉలిక్కిపడి లేవడం. మేడ మీద క్లాసుంటే ఆ పీరియడ్ మొదటి అయిదు నిమిషాలు మాట రాక, బోర్డు మీద రాస్తూ నిలబడేదాన్ని. డాక్టరుగారు స్లీవ్ ఆపరేషన్ చెప్పారు. పొట్టలో ముప్పాతిక భాగానికి పైగా నిలువునా తీసేస్తే సన్నని గొట్టం ఆకారంలో కొంచెం మిగులుతుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసే భాగంలోనే కాబట్టి ఆకలి కూడా తగ్గుతుంది. ఆసియా దేశాల వాళ్లకి బీఎంఐ, అంటే ఎత్తుని బట్టి చూసే బరువు లెక్క, 27.5 నుంచే ఈ ఆపరేషన్ సూచించవచ్చని 2022లో అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు చెప్పాయి. నాది దానికి చాలా పైన.

స్కూలు సెలవులు చూసుకుని ఏప్రిల్ చివర్లో చేయించుకున్నాను. అంతకు ముందే కొన్నాళ్లు అన్నం, గోధుమలు మాన్పించి దాదాపు అంతా ద్రవాహారం మీదే ఉంచారు. కాలేయంలో కొవ్వు తగ్గి అది కాస్త చిన్నదైతే, దాని కింద ఉండే పొట్ట దగ్గరికి వెళ్లడం సర్జనుకి సులువవుతుందట. ఆపరేషన్ అయిన సాయంత్రమే నర్సు లేపి నడిపించింది. కాళ్లల్లో రక్తం గడ్డకట్టకుండా ఇంజెక్షన్లు ఇస్తారు, బిగుతు మేజోళ్లు వేస్తారు, అయినా నడక నడకే. ఆపరేషన్ కోసం కడుపులో నింపిన గ్యాసు వల్ల భుజం దగ్గర సలుపు ఉండింది. అది నాలుగు అడుగులు వేస్తేనే తగ్గింది.

ఇంటికి వచ్చాక అసలు పని మొదలైంది.

వైజాగ్‌లో మే నెల ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. ఎండ కంటే ఉక్క ఎక్కువ. ఫ్యాను కింద కూర్చున్నా చీర తడిసిపోతుంది. ఆ ఉక్కలో చెంబు ఎత్తి గటగటా తాగకూడదు, తాగలేం కూడా. ఈ ఆపరేషన్ అయినవాళ్లు మళ్లీ ఆసుపత్రి మెట్లు ఎక్కే కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం పెద్దది. రోజుకి లీటరున్నర తక్కువ కాకుండా, అదీ గుక్కగుక్కగా లోపలికి వెళ్లాలి. ఆసుపత్రి నుంచి తెచ్చుకున్న 30 మి.లీ. ప్లాస్టిక్ కప్పే నాకు దిక్కయింది. కప్పు నింపుకోవడం, పావుగంటలో దాన్ని ఖాళీ చేయడం, మళ్లీ నింపుకోవడం. మా అమ్మాయి గోడ మీద కాగితం అంటించి, కప్పు కప్పుకీ గీత గీసేది. పనస తొనలు, ముంజికాయలు ఇంట్లోకి వచ్చే రోజుల్లో నేను ఆ గీతల మీద బతికాను. మూత్రం రంగు ముదిరితే ఇంకా తాగాలని అర్థం. అంతకు మించిన కొలత అప్పట్లో నాకు అక్కర్లేకపోయింది.

ఇక అత్తయ్య సంగతి. మొదటి రెండు మూడు రోజులు ఆవిడ నా ముందు కూర్చుని కళ్లు తుడుచుకునేది. "ఏటమ్మా ఇది, మనిషన్నాక ఇంతన్నం తినకపోతే ఎలాగ?" అనేది. ఆ కాగితం చదివి వినిపించి లాభం లేదని ఒకరోజు ఆవిడకి అర్థమయ్యేలా వరసగా చెప్పాను. మొదట తేటనీళ్లు, తర్వాత చిక్కటి ద్రవాలు, తర్వాత మెత్తగా నూరినవి, ఆ తర్వాత మెత్తటి తిండి, నెలా నెలన్నర దాటాకే మామూలు తిండి. కొంచెం కొంచెంగా, మాటిమాటికీ. కారం వద్దు, నూనె వద్దు. విని, "బాలింతకి పెట్టినట్టే కదేటి! ముందే సెప్పొచ్చు కదా" అంది. ఇద్దరు కూతుళ్లకి పురుళ్లు పోసి పథ్యం పెట్టిన మనిషి. ఆ రోజు నుంచి నా డైటీషియన్ ఆవిడే అయింది.

పెసరపప్పు బాగా ఉడికించి, పైకి తేరిన కట్టు వంచి, ఉప్పు, చిటికెడు జీలకర్ర పొడి. తాలింపు లేదు. మొదట దాన్ని పల్చటి బట్టలో వడగట్టి ఇచ్చేది. తేటచారు కూడా అలాగే, మిరియం ఘాటు లేకుండా. పల్చటి మజ్జిగ. తర్వాత వారాల్లో అదే పెసరకట్టులోకి పప్పు మెదిపి వేసింది, అందులోనే ప్రోటీన్ పొడి కలిపేది. పొడి వేడివేడిదాంట్లో వేస్తే ఉండ కడుతుందని, కాస్త చల్లారాక కలపాలని కనిపెట్టింది ఆవిడే. నూరే దశ వచ్చేసరికి సొరకాయ, బీరకాయ ఉడికించి పప్పుతో కలిపి మిక్సీ వేసింది. మెత్తటి దశలో గుడ్డు. కోడిగుడ్డు పొరటు పొడిపొడిగా ఉంటే గొంతు దిగదు, అందుకని కొంచెం పాలు పోసి సన్న సెగ మీద తడిగా వండేది.

ప్రోటీన్ రోజుకి కనీసం 60 గ్రాములు ఉండాలన్నారు. లెక్కల టీచర్నేమో, కూర్చుని లెక్క వేశాను. గుడ్డులో సుమారు 6 గ్రాములు. 100 గ్రాముల చేపలో సుమారు 20. మనం బలమనుకునే పెరుగు 100 గ్రాములు తిన్నా 3–4 గ్రాములే. రెండు మూడు పెద్ద చెంచాలకి మించి పట్టని పొట్టతో 60 చేరడమంటే రోజంతా అదే పని. అందుకే మొదటి నెలల్లో పొడి తప్పదు. దాన్ని చిన్నచూపు చూసేవాళ్ల మాట నేను వినను. కండ కరగకుండా, నీరసం రాకుండా ఉండడానికి అది మందుతో సమానం.

ఆ మే నెలలోనే ఆవకాయ పెట్టారు. పూర్ణా మార్కెట్ నుంచి కాయలు తెచ్చి, ముక్కలు తుడిచి, ఆవపిండి, కారం, ఉప్పు, నూనె కలిపి జాడీలోకి ఎత్తాక, బేసిన్‌కి అంటుకున్న దాంట్లో వేడన్నం కలిపి అందరి చేతుల్లో ముద్దలు పెట్టడం మా ఇంటి ఆనవాయితీ. నాకు ఆకలి లేదు. నిజంగా లేదు. కానీ ఆ ముద్ద కావాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఏడుపొచ్చింది, ఏడ్చాను. ఆకలి వేరు, తినాలనిపించడం వేరు అని ఆ రోజు ఒంటికి తెలిసింది. సర్జన్ తీసేసింది మొదటిదాన్నే. రెండోది ముప్పై నలభై ఏళ్లుగా మన నాలుక మీద, మన ఇంట్లో, మనవాళ్ల చేతుల్లో ఉంది. దానికి ఏ ఆపరేషనూ లేదు. మావారు నాకు కనబడకుండా వంటింట్లోకి పోయి తినబోతే ఆపాను. నా ఎదురుగానే తినమన్నాను. ఇంట్లో నలుగురూ దొంగచాటుగా తినే రోజు రాకూడదని నా పట్టుదల. ఇప్పటికీ అదే మాట.

జూన్‌లో మామూలు తిండి దగ్గరికి వచ్చాను. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట నిషేధం కదా, అది ముగిసి ఫిషింగ్ హార్బర్‌కి తాజా చేపలు రావడం, నాకు చేప తినే అనుమతి రావడం కలిసొచ్చాయి. అత్తయ్య మొదట వండింది సొర పుట్టు. పాలసొర ఉడికించి, తోలు తీసి, ముళ్లు ఏరి, చేత్తో పొడిపొడిగా చేసి, ఉల్లి అల్లం వెల్లుల్లితో మగ్గించింది. పచ్చిమిర్చి ఒక్కటే, అదీ నిలువుగా చీల్చి చివర్లో తీసేసింది. బాలింతలకి పెట్టేది కూడా ఇదే. చిన్న గిన్నెలో వేసుకుని చెంచాతో అరగంట తిన్నాను. ఆ తర్వాత చందువా, మాగ. పులుసులో ముక్క మెత్తగా ఉంటుంది కాబట్టి వేపుడు కంటే పులుసే సుఖం. చికెన్ బ్రెస్టు మాత్రం చాలా కాలం పడలేదు. పొడిగా, పీచులా ఉండి అడ్డంపడేది.

అన్నం గురించి చెప్పాలి. మన భోజనం మొత్తం అన్నం చుట్టూ అల్లుకుని ఉంది. కూర అన్నంలోకి, పప్పు అన్నంలోకి, చివరికి పెరుగూ అన్నంలోకే. పక్కన నీళ్ల గ్లాసు. ఈ ఆపరేషన్ తర్వాత ఇదంతా తిరగబడాలి. ముందు గుడ్డో చేపో పప్పో, తర్వాత కూర, చోటుంటే రెండు చెంచాల అన్నం. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్నాక అరగంట దాకా వద్దు. ముద్దన్నం, మెత్తటి బ్రెడ్డు లోపల జిగురుగా అతుక్కుని ఇబ్బంది పెడతాయి. నాకు బాగా పడింది పెసరట్టు, పల్చగా పోసి బాగా నమిలితే. పప్పుని గిన్నెలో పోసుకుని చెంచాతో తినడం మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు అదే భోజనం అనిపిస్తుంది.

ఒక్క చెంచా ఎక్కువైతే ఒళ్లు ముందే చెబుతుంది. నాకు వెక్కిళ్లు. కొందరికి ముక్కు కారుతుంది, కొందరికి తుమ్ములు, రొమ్ము మధ్యలో బరువు. ఆ సూచన వచ్చాక ఇంకో ముద్ద తింటే బయటికి వచ్చేస్తుంది. వాంతులు ఆగకుండా వస్తుంటే మాత్రం ఇంట్లో కూర్చోకూడదు. బీ1 విటమిన్ పడిపోయి నరాలకి దెబ్బ తగులుతుంది. మొదటి వారాల్లో జ్వరం, గుండెదడ, కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే కుట్ల దగ్గర లీకు కావచ్చు, గంటలు కూడా ఆగకూడదు. ఇది నేను ప్రతివాళ్లకీ చెబుతాను.

స్కూలు తెరిచాక సమస్య మారింది. లంచ్ బెల్లుకీ తర్వాతి పీరియడ్‌కీ మధ్య నా తిండి పూర్తికాదు. హెడ్‌మాస్టరుగారితో మాట్లాడి ముందు పీరియడ్ ఖాళీ పెట్టించుకున్నాను. బల్ల మీద నీళ్ల సీసా ఎప్పుడూ ఉండేది. ఎనిమిదో తరగతి పిల్లాడొకడు "టీచర్, అన్నిసార్లు నీళ్లెందుకు తాగుతారు?" అంటే ఉన్నది ఉన్నట్టు చెప్పాను. పిల్లలు ఒక్క నిమిషం ఆలోచించి, మళ్లీ లెక్కలోకి వెళ్లిపోయారు. పెద్దవాళ్లతోనే కష్టం. "కడుపు కోయించుకుని సులువుగా తగ్గిపోయింది" అన్న మాట స్టాఫ్‌రూములో నా చెవిన పడింది. సులువేమీ లేదు. ఏళ్ల తరబడి నడిచాను, పస్తులున్నాను, తగ్గాను, తగ్గినదంతా తిరిగి వచ్చింది. స్థూలకాయం జబ్బు. జబ్బుకి వైద్యం చేయించుకున్నాను. ఈ మాట ఇప్పుడు ఎవరి ముందైనా తల ఎత్తి చెబుతాను.

వానాకాలంలో జుట్టు ఊడింది. దువ్వెన నిండా వచ్చేది. ఆపరేషన్ తర్వాత మూడో నెల నుంచి ఇది చాలామందికి ఉంటుందని, మళ్లీ మొలుస్తుందని డాక్టరుగారు ముందే చెప్పారు కాబట్టి తట్టుకున్నాను. మొలిచింది కూడా. మాత్రలు జీవితాంతం: మల్టీవిటమిన్, బీ12, ఐరన్, కాల్షియం, డీ. ఐరనూ కాల్షియమూ కలిపి వేసుకోకూడదు, మధ్యలో కనీసం రెండు గంటలు ఉండాలి. ఐరన్ వేసుకున్న వెంటనే కాఫీ కూడా పనికిరాదు. మోకాలు నొప్పికి మందుల షాపులో అడిగి కొనుక్కునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివాటికి దూరంగా ఉండమన్నారు. షుగరు మాత్రలు డాక్టరుగారే ఒక్కొక్కటీ తగ్గిస్తూ వచ్చారు.

ఇప్పుడు పొద్దున్నే ఆర్కే బీచ్‌కి వెళ్తాను. ఆ వేళ బీచ్ రోడ్డు మీద బళ్లు తిరగనివ్వరు కాబట్టి కాళికాలయం నుంచి కురుసుర జలాంతర్గామి మ్యూజియం వైపు రోడ్డు మధ్యలో నడవొచ్చు. గాలి ఉంటుంది, మోకాళ్లు సహకరిస్తున్నాయి.

పెళ్లిళ్లు మాత్రం ఇంకా పరీక్షే. బంతిలో కూర్చుంటే వడ్డించేవాళ్లు కొసరి కొసరి వేస్తారు. ఆకులో వదిలేస్తే పెట్టినవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. నేను ముందే ఆ ఇంటి ఆడవాళ్లలో ఒకరికి విషయం చెప్పి, కూర, పప్పు ఒక చిన్న గిన్నెలో అడిగి తీసుకుని పక్కన కూర్చుంటాను. ఏడాది దాటాక ఆకలి కొంచెం తిరిగి వస్తుందన్నారు, నాకూ వస్తోంది. అందుకని చెంచా లెక్క వదల్లేదు.

మీ ఇంట్లో ఎవరైనా ఈ ఆపరేషన్‌కి సిద్ధమవుతుంటే ఒక్క పని చేయండి. డైటీషియన్ దగ్గరికి వెళ్లేటప్పుడు పేషెంటుతో పాటు వంట చేసే మనిషిని కూడా తీసుకెళ్లండి. మొదటిసారి నేనూ మావారూ మాత్రమే వెళ్లాం. తర్వాత అత్తయ్యని తీసుకెళ్తే, ఆవిడ కొంగు సర్దుకుని కూర్చుని అడిగింది: కట్టులో ఇంగువ వెయ్యొచ్చా, ఉలవచారు తేట ఎప్పటి నుంచి ఇవ్వొచ్చు, మెత్తళ్లు ముల్లుతో నమలొచ్చా, తీసెయ్యాలా. ఆ డైటీషియన్ అమ్మాయి పెన్ను తీసుకుని, ఆవిడ చెప్పిన వంటలన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసుకుంది.