నది అవతలి రేడియో

మేం ఉండేది డెట్రాయిట్ వైపు. ఈమధ్య నది దాటి కెనడాలోని విండ్సర్ వెళ్ళినప్పుడు రోజలీ ట్రాంబ్లీ గారి విగ్రహం చూశాను. అప్పటి నుంచి మనసంతా ఆవిడ పనిచేసిన రేడియో స్టేషన్ మీదే ఉంది.

ఆ స్టేషన్ పేరు సీకేఎల్‌డబ్ల్యూ, ఏఎం బ్యాండ్‌లో 800 కిలోహెర్ట్జ్ మీద వచ్చేది. 1932లో మొదలైంది. స్టేషన్ కెనడాది, వినేవాళ్ళలో బోలెడంత మంది అమెరికా వాళ్ళు. 50,000 వాట్ల పవర్. ఏఎం తరంగాలు రాత్రిళ్ళు పైన అయనావరణాన్ని, అంటే ఆకాశంలో చాలా ఎత్తున ఉండే విద్యుదావేశ పొరని, తాకి మళ్ళీ కిందికి దిగుతాయి కదా, చీకటి పడితే ఎక్కడెక్కడి రాష్ట్రాల్లోనో వినిపించేది. 1967 నుంచి ‘బిగ్ 8’ పేరుతో కుర్రకారుని ఊపేసింది.

రోజలీ గారు మొదట చేరింది రిసెప్షన్‌లో, ఫోన్లు ఎత్తే పనికి. తర్వాత రికార్డుల లైబ్రరీ. 1968 కల్లా మ్యూజిక్ డైరెక్టర్! ఏ పాట ప్రసారం కావాలో తేల్చేది ఆవిడే. రికార్డు కంపెనీల వాళ్ళు ఆవిడ ఒప్పుకోలు కోసం విండ్సర్ దాకా వచ్చేవాళ్ళు. 1967 జాతి అల్లర్లతో రగిలిన డెట్రాయిట్‌కి నల్లజాతి గాయకుల సోల్ పాటల్నీ, రాక్‌నీ ఒకే స్టేషన్‌లో పక్కపక్కనే వినిపించారు. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించింది ఇదే.

1971లో 30 శాతం కెనడా పాటలు వేయాల్సిందేనని అక్కడి ప్రభుత్వం రూల్ పెట్టింది. డెట్రాయిట్ స్టేషన్లకు ఆ బాధ లేదు. పైగా ఎఫ్ఎం స్టేషన్ల పోటీ. బిగ్ 8కి ఇవి రెండూ కష్టాలే. అయినా ఆ రూల్ వల్ల కెనడా గాయకులు ఎందరో అమెరికాకి పరిచయమయ్యారు, అది మంచిదే.

ఇప్పుడు 800లో పాటల బదులు వార్తలు, చర్చలు. స్టేషన్ మాత్రం నడుస్తూనే ఉంది. నాకు చాలా సంతోషంగా ఉంది.