ముందు ఏముంది, తర్వాత ఏముంది

మన బడి సంచికకి ఏదైనా రాయమని అడిగినప్పుడు హాస్టల్ రోజుల గురించి, ఆటల గురించి రాద్దామనే మొదలుపెట్టాను. రెండుసార్లు రాసి రెండుసార్లూ ఆపేశాను. బడి వదిలాక ఇన్నేళ్లలో నాకు నిజంగా పనికొచ్చింది ఏంటని ఆలోచిస్తే శనివారం సాయంత్రం ప్రార్థన గదిలో చేసిన బైబిల్ స్టడీయే గుర్తొస్తోంది. అందుకే దాని గురించే రాస్తున్నాను.

మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఆ స్టడీ నడిపిన మాస్టారు మన చేత కంఠత వాక్యాలు పెద్దగా చెప్పించేవారు కాదు. ఎవరైనా ఉత్సాహంగా ఒక వచనం చెబితే మెచ్చుకునేవారు, వెంటనే అడిగేవారు: "ముందు ఏముంది? తర్వాత ఏముంది? ఎవరితో అన్న మాట?" చాలాసార్లు మనకి తెలిసేది కాదు. అప్పుడు బైబిలు తెరిచి ఆ పేజీ మొత్తం చదివించేవారు, ఒక్కోసారి ప్రార్థన టైం అయిపోయినా సరే.

ఎనిమిదో తరగతిలో, పౌలు ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, అంటే ఉత్తరం, మొత్తం నోట్‌బుక్‌లో రాయించారు. 4 అధ్యాయాలు, 104 వచనాలు, కానీ అంకెలు వెయ్యకూడదు. అంకెలు పౌలు వేసినవి కావని, అధ్యాయాల విభజన 13వ శతాబ్దం మొదట్లో స్టీఫెన్ లాంగ్టన్ చేశాడని, కొత్త నిబంధనలో ఇప్పుడున్న వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ అచ్చువేసిన గ్రీకు ప్రతితో వచ్చాయని అప్పుడే మొదటిసారి విన్నాను. వెతుక్కోవడానికి అంకెలు కావాలి, చదవడానికి అక్కర్లేదు, ఉత్తరాన్ని ఉత్తరంలా చదవండి అన్నారు. రాయడం పూర్తయ్యాక ఒకరి తర్వాత ఒకరం పైకి చదివాం. ఇరవై నిమిషాలు కూడా పట్టలేదు. నేను పరీక్షలకి ముందు చెప్పుకునే "నన్ను బలపరచువానియందే నేను సమస్తమును చేయగలను" అన్న మాట రాసింది బంధకాల్లో ఉన్న మనిషి అని, దానికి ముందు వాక్యంలో ఆకలిగా ఉండడం, కడుపునిండా ఉండడం, లేమి, సమృద్ధి, ఇవన్నీ నేర్చుకున్నానని చెబుతున్నాడని అక్కడ గ్రహించాను. అది గెలుపు గురించిన మాట కాదు. ఏ స్థితిలో ఉన్నా నిలబడగలగడం గురించి. ఆ రోజు నాకు కొంచెం బాధగా కూడా అనిపించింది, నాదనుకున్న వాక్యాన్ని ఎవరో తీసేసుకున్నట్టు. తర్వాత తెలిసింది, అప్పటిదాకా నా దగ్గర ఉన్నది అందులో సగమేనని.

తొమ్మిదో తరగతిలో యిర్మీయా ప్రవక్త పుస్తకం. 52 అధ్యాయాలు, వారానికి ఒకటి. సెలవులూ పరీక్షలూ పోగా పదో తరగతి సగం దాకా పట్టింది. అప్పట్లో చాలా విసుగ్గా ఉండేది, ఎప్పుడు అయిపోతుందా అని లెక్కపెట్టుకునేవాళ్లం. ఇప్పుడు చెప్పమంటే నా జీవితాన్ని ఎక్కువగా కాపాడింది ఆ పుస్తకమే అంటాను.

29వ అధ్యాయం 11వ వచనం అందరికీ తెలుసు. సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు అని. వాగ్దాన వచనాల కార్డుల మీద ఎక్కువగా కనిపించే మాటల్లో ఇదొకటి. కానీ అది బబులోనుకు చెరగా, అంటే బందీలుగా, వెళ్లిన యూదులకి యెరూషలేము నుంచి యిర్మీయా పంపిన ఉత్తరంలోది, దాని పై వచనంలోనే 70 సంవత్సరాలు అని ఉంది. అంటే ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్లలో చాలామంది తిరిగి రావడం చూడరు. ఇంకొంచెం పైన, అక్కడే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, పిల్లల పెళ్లిళ్లు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టి తీసుకెళ్లిన ఆ పట్టణం క్షేమం కోసమే ప్రార్థన చెయ్యండి అని ఉంది. "వాగ్దానం తీసుకునేటప్పుడు 70 కూడా తీసుకోండి" అన్నారు మాస్టారు. ఆ మాట ఈ రోజుకీ నా బైబిలు అంచున పెన్సిల్‌తో ఉంది.

అయితే నన్ను ఎక్కువగా పట్టుకున్నది దానికి ముందున్న 28వ అధ్యాయం. హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ నిలబడి, ఇంకా రెండేళ్లలో బబులోను కాడి విరిగిపోతుంది, మందిరపు పాత్రలు తిరిగొస్తాయి, రాజు తిరిగొస్తాడు అని యెహోవా పేరు మీదే చెబుతాడు. యిర్మీయా ఏమన్నాడో చూడండి. ఆమేన్, యెహోవా అలాగే చేయును గాక అన్నాడు! అది నిజం కావాలని అతనికీ ఉంది. కానీ ఆశ వేరు, యెహోవా మాట వేరు అన్న తేడా అతనికి తెలుసు. సమాధానం ప్రకటించే ప్రవక్త మాట నెరవేరినప్పుడే అతన్ని యెహోవా పంపాడని తెలుస్తుంది అని మాత్రం చెప్పాడు. బబులోను కాడికి గుర్తుగా యిర్మీయా మెడ మీద వేసుకున్న కొయ్య కాడిని హనన్యా తీసి విరగ్గొడితే, ఎదురు చెప్పకుండా తన దారిన వెళ్లిపోయాడు. తర్వాత దేవుని మాట వచ్చాకే తిరిగొచ్చి మాట్లాడాడు. కొయ్య కాడి విరిచావు, దాని బదులు ఇనుప కాడి వస్తుంది అని.

ఈ అధ్యాయం చదివినప్పుడు నాకు పద్నాలుగేళ్లు. మళ్లీ అవసరమైనప్పుడు ముప్ఫై నాలుగు, అప్పటికి నేను దాన్ని మర్చిపోయి ఉన్నాను.

ఆ సంగతి రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. ఉద్యోగం, పెళ్లి, పిల్లలు, వీటి మధ్య బైబిలు చదవడం తగ్గింది. మానేశానని కాదు, ఫోన్‌లో రోజూ ఒక వచనం వచ్చేది, చూసి ఆమేన్ అనుకునేదాన్ని, అంతే. చిన్న వ్యాపారం పెట్టి అప్పుల్లో ఉన్నాం. ఇంట్లో ఎప్పుడూ టెన్షన్. అలాంటప్పుడు ప్రవచన వరం ఉందని పేరున్న ఒకాయన మా కోసం ప్రార్థన చేసి, ఈ ఏడాది దాటకుండా మీ అప్పులన్నీ తీరిపోతాయి, విశ్వాసంతో అడుగు ముందుకు వెయ్యండి అన్నారు. వాక్యం కూడా చూపించారు. నేను ఏడ్చేశాను, సంతోషంతో. మావారు ఇంకొన్నాళ్లు ఆగుదాం అన్నారు, ఆయనకి విశ్వాసం తక్కువని నేనే కోప్పడ్డాను. వ్యాపారం పెంచడానికి ఇంకో అప్పు చేశాం. అది తీరడానికి ఆరేళ్లు పట్టింది.

ఆ ఆరేళ్లలో రెండో ఏడు ఒక రాత్రి నిద్ర పట్టక బైబిలు తీసి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక, మనకి బాగా అలవాటైన యిర్మీయా నుంచే మొదలుపెట్టాను. రోజుకి ఒక అధ్యాయం. ఇరవై ఎనిమిదో రోజున హనన్యా ఎదురొచ్చాడు. ఆ పేజీ మీద చాలాసేపు చెయ్యి వేసుకుని కూర్చున్నాను. నా దగ్గర ఈ అధ్యాయం ఇరవై ఏళ్లుగా ఉంది కదా, మరి ఆ రోజు ఎందుకు గుర్తు రాలేదు?

దానికి జవాబు నాకు హెబ్రీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయం చివర్లో దొరికింది. మేలు కీడులను వివేచించడానికి "అభ్యాసముచేత" సాధకం చేయబడిన జ్ఞానేంద్రియాలు కలిగినవాళ్ల గురించి అక్కడ ఉంది. సాధకం చేయబడిన అన్నచోట గ్రీకులో ఉన్న మాట వ్యాయామానికి వాడే మాట, జిమ్నాజియం అన్నది కూడా ఆ కుటుంబంలోదే. ఒకసారి నేర్చుకుని దాచుకుంటే సరిపోయేది కాదు ఇది. సంగీతం సాధన చేసేవాళ్ల చెవికి అపస్వరం వెంటనే తెలుస్తుంది, ఎందుకు తప్పో చెప్పలేకపోయినా ముందు చెవికి తెలుస్తుంది. సాధన ఆపేస్తే ఆ చెవి మొద్దుబారుతుంది. నా చెవి అలాగే మొద్దుబారింది. ప్రవచనం చెప్పినాయన చూపించింది వాక్యమే కదా అని నేను నమ్మాను, కానీ మత్తయి 4లో యేసును దేవాలయ శిఖరం మీద నిలబెట్టి దూకమన్న సాతాను చూపించిందీ వాక్యమే. 91వ కీర్తన చెబుతూ "నీ మార్గములన్నిటిలో" అన్న మాట వదిలేశాడు. యేసు మూడుసార్లూ ద్వితీయోపదేశకాండం నుంచే జవాబిచ్చాడు, 8వ అధ్యాయం నుంచి ఒకటి, 6వ అధ్యాయం నుంచి రెండు. ఇదంతా మనకి మాస్టారు చెప్పినదే.

అప్పటి నుంచి రోజూ చదవడం మళ్లీ మొదలైంది. మొదట్లో ఇంకో పొరపాటు చేశాను, అదీ చెప్పాలి. ఏ ప్రసంగం విన్నా తప్పులు వెతికేదాన్ని. ఎవరైనా సాక్ష్యం చెబుతుంటే మనసులో సందర్భం, సందర్భం అనుకుంటూ వినేదాన్ని. అదే వివేచన అనుకున్నాను. కొన్ని నెలల తర్వాత, ఎనిమిదో తరగతిలో రాసిన ఆ ఫిలిప్పీ పత్రిక మళ్లీ చదువుతుంటే, మొదటి అధ్యాయంలోనే పౌలు ప్రార్థన ఆపేసింది నన్ను. శ్రేష్ఠమైన కార్యాలను వివేచించగలగాలని ఆయన కోరుతున్నాడు సరే, దానికి అంతకంతకూ పెరగాల్సింది ఏంటంటే ప్రేమ. తెలివితో కూడిన ప్రేమ. పౌలు బోధ విన్న బెరయ అనే ఊరి వాళ్లు కూడా అంతే, అపొస్తలుల కార్యములు 17లో, లేఖనాలు పరిశోధించారన్నదే మనం ఎప్పుడూ చెప్పుకుంటాం, దానికి ముందు "ఆసక్తితో వాక్యమును అంగీకరించి" అని ఉంది. పరిశోధన ప్రతిదినం, కానీ వినడం మాత్రం ఆసక్తితో. చెప్పినవాడు పౌలే అయినా పరిశోధించారు, పరిశోధించాలని ముందే ముఖం తిప్పుకోలేదు. నాకు ఇది నేర్చుకోవడం హనన్యా సంగతి కంటే కష్టమైంది, ఇంకా పూర్తిగా వచ్చిందని చెప్పలేను.

రెండేళ్ల క్రితం ఇంకో నిర్ణయం ముందుకొచ్చింది, ఉన్న చోటు వదిలి చాలా దూరం వెళ్లాల్సిన అవకాశం. దేవుని చిత్తం చూపించమని ప్రార్థన చేస్తున్నాను. అప్పుడు యిర్మీయా 42 చదివాను. యెరూషలేము పడిపోయాక మిగిలిపోయిన జనం యిర్మీయా దగ్గరికి వచ్చి, మేలైనా కీడైనా దేవుడు చెప్పినట్టే చేస్తాం, అడిగి చెప్పు అంటారు. పది రోజుల తర్వాత గాని జవాబు రాలేదు. ఐగుప్తుకు వెళ్లొద్దు అని వచ్చింది, వాళ్లు వినలేదు. వెనక్కి ఒక పేజీ తిప్పితే, 41వ అధ్యాయం చివర్లోనే వాళ్లు ఐగుప్తు దారిలో ఉన్నారు. అడగక ముందే బయల్దేరారు. నేనూ అప్పటికే వెళ్లాల్సిన చోట ఇంటి అద్దెలు, పిల్లల బడులు చూసేసి ఉన్నాను. ప్రార్థన మార్చుకున్నాను. దారి చూపించు అని కాకుండా, నేను ఇప్పటికే బయల్దేరిపోయానేమో చూపించు అని. మావారితో కూర్చుని మాట్లాడాను, ఈసారి ఆయన మాట పూర్తిగా విన్నాను. వెళ్లలేదు. వెళ్లి ఉంటే తప్పయ్యేదని కూడా అనను, ఆ రోజు నా మనసు ఎక్కడుందో నాకు కనిపించింది, అది చాలు.

ఈ ఏడాది మొదటి నుంచి మన బ్యాచ్ వాళ్లం ఏడుగురం శనివారం రాత్రుళ్లు ఫోన్‌లో కలిసి చదువుకుంటున్నాం. వారానికి ఒక అధ్యాయం, మాస్టారి పద్ధతే. ఒకరు చదువుతారు, అందరం ఆ మూడు ప్రశ్నలే అడుగుతాం, చివర్లో ఒకరి కోసం ఒకరం ప్రార్థన చేస్తాం. గంటకి మించదు. పోయిన వారం యెహెజ్కేలు 14లో ఉన్నాం. హృదయంలో విగ్రహాలు పెట్టుకుని దేవుని దగ్గర విచారణ చెయ్యడానికి వచ్చి కూర్చున్న పెద్దల సంగతి అది. చదవడం అయ్యాక చాలాసేపు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. అందుకని అధ్యాయం పూర్తి కాలేదు, వచ్చే శనివారం 12వ వచనం నుంచి మొదలుపెడతాం. కలవాలనుకున్నవాళ్లు నాకు గానీ మిగతా ఆరుగురిలో ఎవరికైనా గానీ ఒక మాట చెప్పండి. ముందు 13 అధ్యాయాలూ చదవలేదే అని ఆగొద్దు, ఒక్క 14వ అధ్యాయం చదువుకుని వచ్చేయండి.